సీసం పోసిన అతుకు

ఏథెన్స్ నుంచి తిరిగొచ్చాక మా అపార్ట్‌మెంట్‌లో అందరూ అడిగింది ఇదే: "అంత దూరం వెళ్ళి విరిగిపోయిన స్తంభాలు చూసొచ్చారా మేడమ్?" ఫోన్లో ఫొటోలు చూపించబోతే రెండో దానికే ఆవులింతలు. పై అంతస్తు పిన్నిగారు మాత్రం కళ్ళజోడు సర్దుకుని, "ఇదేమిటి, గుళ్ళో క్రేన్ ఉంది? ఇంకా కడుతున్నారా?" అన్నారు. నాకు భలే సంతోషమేసింది. ఆ అక్రొపొలిస్ కొండమీద, పార్థినాన్ గుడి దగ్గర నేను ఎక్కువసేపు చూసింది కూడా ఆ క్రేన్‌నే.

నేను ఇరిగేషన్‌లో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరి డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా రిటైరైన మనిషిని. కాలవ గట్లు, తూములు, లాకులు, వాటి పని కొలతలూ లెక్కలూ రాసే ఎం-బుక్కులు, వీటి మధ్యే నా ఉద్యోగమంతా గడిచింది. గ్రీకు పురాణాలు పెద్దగా తెలియవు. శిల్పం గురించి మాట్లాడే చదువూ లేదు. రాయి మీద రాయి ఎలా నిలబడింది, వాననీళ్ళు ఎటు పోతాయి, డబ్బు ఏ పద్దు కింద రాశారు, ఇవైతే ఎక్కడికెళ్ళినా నా కళ్ళు వాటంతట అవే వెతుక్కుంటాయి. కాబట్టి ఇక్కడ దేవతల కథలు దొరకవు. అవి కావాలంటే బయట బోలెడున్నాయి.

మా అమ్మాయి, అల్లుడు మ్యూనిక్‌లో ఉంటారు. ఈ ఏప్రిల్‌లో వాళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు ఎక్కడికైనా తిరిగొద్దామంటే మావారు స్విట్జర్లాండ్ అన్నారు, మంచు చూడాలట. నేను ఏథెన్స్ అన్నాను. "మంచు ఎక్కడికీ పోదులే నాన్నా" అని అమ్మాయి నా పక్షం చేరింది. "ఆ స్తంభాలు మాత్రం ఎక్కడికి పోతాయే, రెండున్నర వేల ఏళ్ళుగా అక్కడేగా ఉన్నాయి" అని ఆయన. నిజానికి చాలానే పోయాయి. ఆ సంగతికి తర్వాత వస్తాను.

అక్రొపొలిస్ ఊరి నడిబొడ్డున లేచిన సున్నపురాతి గుట్ట. సముద్రమట్టానికి 156 మీటర్ల ఎత్తు, పైన చదునుగా మూడు హెక్టార్లు, అంటే ఏడెకరాలకు కాస్త ఎక్కువ. కొండవీడు ఎక్కిన కాళ్ళకి ఇదో లెక్క కాదు. టికెట్ మనిషికి 30 యూరోలు. ఆన్‌లైన్‌లో ఏ గంటకు వెళ్తామో ముందే ఎంచుకోవాలి. రోజుకు 20,000 మందికి మించి పంపకూడదని 2023లో హద్దు పెట్టారు. మేం పొద్దున్న 8 గంటల స్లాట్ తీసుకుని, మెట్రో స్టేషన్ దగ్గరున్న ఆగ్నేయం వైపు గేటులోంచి వెళ్ళాం. జనం ఎక్కువగా పడమటి గేటుకు పోతారు కాబట్టి ఇటు క్యూ తక్కువ. పైగా ఎక్కే దారిలోనే డయోనైసస్ నాటకశాల తగులుతుంది. సోఫోక్లిస్, యూరిపిడిస్ నాటకాలు ఆడిన చోటు అదే. గుట్ట వాలునే మెట్లుగా మలిచి జనాన్ని కూర్చోబెట్టారు. మావారి మోకాళ్ళ పుణ్యమా అని అక్కడ కాసేపు ఆగి బాగా చూడగలిగాను.

పైకి చేరబోయే ముందు పెద్ద ద్వారమండపం వస్తుంది. ప్రొపిలియా అంటారు. మ్నెసిక్లిస్ అనే వాస్తుశిల్పి క్రీ.పూ. 437లో మొదలుపెట్టాడు. 432లో పని ఆగింది, మరుసటేడు స్పార్టాతో యుద్ధం వచ్చిపడింది. జనం దాని కింద నిలబడి సెల్ఫీలు దిగి ముందుకు పోతున్నారు. నేను గోడ దగ్గరే ఆగిపోయాను. బండల ముఖం మీద అక్కడక్కడా రాతి బొడిపెలు కనిపించాయి. అవి అలంకారం కాదు. బండను తాళ్ళతో ఎత్తేటప్పుడు పట్టు కోసం వదిలినవి. గోడ లేచాక, అన్నిటికన్నా చివర్లో వాటిని చెక్కేసి నునుపు చేస్తారు. ఇక్కడ ఆ చివరి పని జరగనే లేదు. ఫైనల్ బిల్లు కాకుండా నిలిచిపోయిన పని ఎక్కడున్నా నేను గుర్తుపడతాను. "ఇదిగో, సరిగ్గా ఇక్కడ నిధులు ఆగిపోయాయి" అని వేలుపెట్టి చూపిస్తే, పొద్దుట్నుంచి ముభావంగా ఉన్న మావారు మొదటిసారి వంగి చూశారు.

ఆ ద్వారం దాటితే కుడిచేతి వైపు ఎథీనా దేవత గుడి, పార్థినాన్. అక్కడ అంతకుముందు కడుతున్న గుడిని క్రీ.పూ. 480లో పర్షియన్లు తగలబెట్టారు. ఏథెన్స్ నాయకుడు పెరిక్లిస్ హయాంలో 447లో కొత్తది మొదలై, 438కల్లా కట్టడం, 432కల్లా శిల్పాలు పూర్తయ్యాయి. వాస్తుశిల్పులు ఇక్టినస్, కల్లిక్రటిస్. పైన పెత్తనం శిల్పి ఫిడియస్‌ది. పాలరాయి పెంటెలికాన్ కొండ నుంచి వచ్చింది, దాదాపు 16 కిలోమీటర్ల దూరం. అరుగు 69.5 మీటర్ల పొడవు, 30.9 మీటర్ల వెడల్పు. ముందు 8 స్తంభాలు, పక్కన 17. మూలవి రెండు వరుసల్లోనూ లెక్కకొస్తాయి కాబట్టి చుట్టూ కలిపి 46. ఒక్కో స్తంభం ఎత్తు సుమారు 10.4 మీటర్లు.

ఇంతవరకు ఏ గైడైనా చెబుతాడు. నన్ను కట్టిపడేసింది దాని లెవెల్. రసమట్టం పెట్టి చూస్తే ఆ అరుగు ఫెయిల్. మధ్యలో ఉబ్బి ఉంటుంది, పొడుగు వైపు దాదాపు 11 సెంటీమీటర్లు, పొట్టి వైపు 6. మూల దగ్గర నిలబడి మెట్టు అంచు వెంట ఒంటికన్నుతో చూస్తే ఆ వంపు స్పష్టంగా తెలుస్తుంది. స్తంభాలూ నిటారుగా లేవు, అన్నీ వెంట్రుకవాసి లోపలికి వాలి ఉంటాయి. ఆ వాలును అలాగే పైకి గీసుకుంటూ పోతే రెండు కిలోమీటర్ల పైన ఆకాశంలో ఎక్కడో కలుస్తాయట. స్తంభం ఒంటికి సన్నటి ఉబ్బు. మూల స్తంభాలు మిగతావాటికన్నా కొంచెం లావు. ఇవన్నీ పొరపాట్లు కావు, కావాలని చేసినవి. అరుగు తిన్నగా కడితే కంటికి మధ్యలో గుంటపడినట్టు కనిపిస్తుందని రోమన్ వాస్తుశాస్త్రకారుడు విట్రూవియస్ రాశాడు. వాననీరు జారిపోవడానికే ఆ వంపు అన్నవాళ్ళూ ఉన్నారు. గట్టు మీద రోడ్డుకు నీళ్ళు జారేలా మధ్యలో ఉబ్బు (క్యాంబర్) ఇచ్చినదాన్ని, నా ఓటు నీళ్ళకే. "మరి స్తంభాలు వాలడానికి నీళ్ళతో ఏం పనమ్మా?" అని అమ్మాయి అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఓటు మాత్రం మార్చుకోలేదు.

కారణం ఏదైనా, దానివల్ల వచ్చిపడే పని ఎంతో ఆలోచించండి. అరుగు వంగితే దాని మీద కూర్చునే ప్రతి బండా ఆ వంపుకు తగ్గట్టు కోసుకోవాలి. ప్రతిదాని కొలతా వేరు. ఒక చోటి రాయి ఇంకో చోట సరిగ్గా కూర్చోదు. సున్నం లేదు, ఏ రకం అడుసూ లేదు, రాయి మీద రాయి పొడిగా పేర్చారు. స్తంభంలో గుండ్రటి ముక్కలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. రెండు ముక్కల నడిమధ్యన చెక్క బిళ్ళలు, వాటిని కలుపుతూ చెక్క మేకు. మరమ్మతుల్లో విప్పి చూస్తే కొన్నిచోట్ల ఆ చెక్క పాడవకుండా అలాగే ఉంది. రెండు వేల ఏళ్ళకు పైగా గాలి కూడా చొరని అతుకు! అది చదివాక నేను పని చేయించిన తూముల జాయింట్లు గుర్తొచ్చి కాసేపు నోరు మెదపలేదు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. పర్షియా భయంతో చాలా గ్రీకు రాజ్యాలు కూటమి కట్టి చందాలు వేసి డెలోస్ దీవిలో దాచుకున్న ఖజానాను క్రీ.పూ. 454లో ఏథెన్స్‌కు మార్చేశారు. రక్షణ పద్దు కింద వసూలైన సొమ్ము కొండమీది కట్టడాలకు మళ్ళింది. ప్రతిపక్షం వాళ్ళు సభలో గోల చేశారని తర్వాతి కాలపు గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. దీని మీద నేనేమీ వ్యాఖ్యానించను, పెన్షన్ తీసుకుంటున్నదాన్ని.

అయితే లెక్కల్ని మాత్రం రాతిపలకల మీద చెక్కి నలుగురూ చూసేలా నిలబెట్టారు. పార్థినాన్ లెక్కల ముక్కలు కొన్ని దొరికాయి. ఉత్తరం వైపున్న ఎరెక్థియోన్ గుడివి ఇంకా వివరంగా ఉన్నాయి. ఏ స్తంభానికి నిలువు గాడులు ఎవరెవరు చెక్కారు, ఎవరికెంత ముట్టింది, పేరుపేరునా రాశారు. రోజుకూలీ ఒక డ్రాక్మా. పౌరుడికీ, బయటినుంచి వచ్చి స్థిరపడ్డవాడికీ, బానిసకీ ఒకటే రేటు. బానిస కూలి యజమాని సంచిలోకే పోయేదనుకోండి. వాస్తుశిల్పికి కూడా రోజుకు డ్రాక్మానే అన్నది నాకు మింగుడుపడని సంగతి. చేసిన పని, చేసినవాడి పేరు, రేటు, మొత్తం. ఎం-బుక్కు చేతికిస్తే నేనైనా ఇవే గడులు నింపేదాన్ని.

ఆ ఎరెక్థియోన్‌కే ఒక పక్క కప్పును తలమీద మోస్తున్న ఆరుగురు ఆడవాళ్ళ విగ్రహాలుంటాయి. ఫొటోల్లో మీరంతా చూసే ఉంటారు. కొండమీద ఇప్పుడున్నవి నకళ్ళు. అసలువి ఐదు కింద మ్యూజియంలో, ఒకటి లండన్‌లో.

ఇక విరగడం గురించి. పార్థినాన్ ముసలిదై కూలిపోయిందని చాలామంది అనుకుంటారు. కాదు. గుడిగా ఉంది, చర్చి అయింది, 15వ శతాబ్దంలో ఆటోమన్ తురుష్కులు వచ్చాక మసీదు అయింది. మధ్యలో అగ్నిప్రమాదాలు, మార్పులు చేర్పులు జరిగినా గోడలు, స్తంభాలు చాలావరకు నిలిచే ఉన్నాయి. 1687లో వెనీస్ సైన్యం ముట్టడిస్తే ఆటోమన్లు మందుగుండునంతా అందులోనే దాచారు, కుటుంబాలూ అందులోనే తలదాచుకున్నాయి. సెప్టెంబర్ 26న ఒక ఫిరంగి గుండు సూటిగా వచ్చి పడింది. గుడి నడుము ఎగిరిపోయింది. దాదాపు 300 మంది చనిపోయారు. గెలిచిన సేనాని మొరొసీని అంతటితో ఊరుకోలేదు. పడమటి వైపు పైన మిగిలిన విగ్రహాలను దించి పట్టుకుపోదామని చూస్తే అవి జారి కిందపడి ముక్కలయ్యాయి. ఆ తర్వాత చెల్లాచెదురుగా పడున్న పాలరాయిలో కొంత సున్నం బట్టీల పాలైంది.

ఇప్పుడు క్రేన్ దగ్గరికి వద్దాం. బండను పక్క బండతో కలపడానికి అప్పటి మేస్త్రీలు ఇనుప పట్టీలే వాడారు. పాలరాతిలో గాడి తొలిచి, పట్టీ దించి, చుట్టూ కరిగించిన సీసం పోసి మూసేశారు. సీసం నీటిని చేరనివ్వదు. మెత్తటిది కాబట్టి భూకంపానికి బండలు కాస్త కదిలినా రాయి పగలకుండా ఆ కుదుపును అదే మింగేస్తుంది. అలా సీసంలో ఉన్న ఇనుము శతాబ్దాల తరబడి నిలిచింది. 19వ శతాబ్దం చివర్నుంచి 1930ల దాకా నికోలాస్ బాలనోస్ అనే ఇంజనీరు పడిపోయిన స్తంభాలను మళ్ళీ లేపాడు. ఉత్తరం వైపు వరుస ఇవాళ మనం చూస్తున్నామంటే ఆయన చలవే. కానీ ఆయన పెట్టించిన ఇనుముకు సీసం లేదు. కొన్ని దశాబ్దాలకే తుప్పు పట్టి, ఉబ్బి, పాలరాయిని లోపల్నుంచి చీల్చేసింది. బెజవాడలో పాత డాబా శ్లాబుల కింద పెచ్చులూడి చువ్వలు బయటపడేది ఈ తుప్పు ఉబ్బు వల్లే. పైగా దగ్గర్లో దొరికిన రాయిని దొరికిన చోట పెట్టించాడు. ప్రతి బండకూ సొంత చోటు ఉంటుందని పైన చెప్పానే, అందుకని ఆ తర్వాత వచ్చినవాళ్ళకు పని రెట్టింపైంది. ఆయన్ని తిట్టడం తేలిక. ఆ రోజుల్లో ఇనుము, కాంక్రీటు మీద ఇంజనీర్లందరికీ ఉన్న నమ్మకమే ఆయనకూ ఉంది. చేతిలో ఉన్న డబ్బుతో, చేతికొచ్చిన సామానుతో పని ముగించమంటే నేనైనా అదే చేసేదాన్నేమో.

1975లో గ్రీకు ప్రభుత్వం దీనికోసం ఒక కమిటీ వేసింది. బాలనోస్ ఇనుమును ఊడదీసి టైటానియం పట్టీలు పెడుతున్నారు, దానికి తుప్పు బాధ లేదు. చీలిన బండకు పెంటెలికాన్ పాలరాయినే కొత్తగా తెచ్చి, పాత విరుగులోని ఎత్తుపల్లాలు యథాతథంగా వచ్చేలా చెక్కి అతుకుతారు. పాతదాన్ని కొత్తదానికి అనువుగా ఒక్క గీత కూడా చెక్కరు. రేపు ఎవరైనా ఇంకా మంచి పద్ధతి కనిపెడితే మన పని విప్పడానికి వీలుండాలి అన్నది వాళ్ళ నియమం. మేం వెళ్ళిన రోజు పరంజా మీద ఒకమ్మాయి కూర్చుని సన్నటి ఉలితో చెక్కుతోంది. నాలుగు దెబ్బలు, ఆగడం, కొలవడం, మళ్ళీ నాలుగు దెబ్బలు. అక్కడి పాలరాతి పనివాళ్ళలో చాలామంది టినోస్ దీవి నుంచి వస్తారట. తరతరాలుగా అదే వృత్తి, ఆ దీవిలో దానికి బడి కూడా ఉంది. పక్కనే ఉన్న మావారు, "ఆ తెల్ల ముక్కలేమిటే, అతికించినట్టు తెలిసిపోతున్నాయి? రంగు కలిపేసి ఉండాల్సింది" అన్నారు. తెలియాలనే అలా వదిలేస్తారని, ఆ రాయిలో ఉన్న ఇనుము వల్ల ఏళ్ళు గడిచేకొద్దీ అదే తేనెరంగుకు తిరుగుతుందని చెప్పాను. అతుకు దాచేసి కొత్తదీ పాతదీ ఒకటే అని చూపించడం నా దృష్టిలో దొంగ ఎంట్రీ రాయడం లాంటిదే.

సీసం గురించే అక్కడ ఒక కథ చెబుతారు. 1821లో మొదలైన స్వాతంత్ర్య యుద్ధంలో గ్రీకులు కొండను చుట్టుముడితే, పైనున్న ఆటోమన్ సైనికులకు తూటాలు అయిపోయి, బండలు పగలగొట్టి అతుకుల్లోని సీసం తీయడం మొదలుపెట్టారట. అది చూసి కింద ఉన్న గ్రీకులు, "మీకు సీసం మేమిస్తాం, స్తంభాల జోలికి పోకండి" అని కబురంపారట. తమను కాల్చడానికి తామే సీసం ఇవ్వడం! ఎంతవరకు నిజమో గానీ, వాళ్ళకు ఆ కథంటే ఎంత గర్వమో చెప్పేవాళ్ళ మొహంలో తెలిసిపోతుంది.

కొండ దిగాక మ్యూజియం తప్పక చూడాలి, టికెట్ వేరే. 2009లో తెరిచారు, వాస్తుశిల్పి బెర్నార్డ్ చూమి. పునాదుల్లో పాత ఊరి ఇళ్ళు బయటపడితే వాటిని పూడ్చకుండా, స్తంభాల మీద లేపి, నేలకు అద్దం వేశారు. పై అంతస్తును మాత్రం మిగతా భవనంతో సంబంధం లేకుండా కాస్త తిప్పి, కొండమీది పార్థినాన్‌తో సమాంతరంగా పెట్టారు. గుడి చుట్టూ 160 మీటర్ల పొడవున ఉండే ఊరేగింపు శిల్పాల పట్టీని అదే వరుసలో, అవే దిక్కుల్లో అమర్చారు. అద్దాల్లోంచి అసలు గుడి కనిపిస్తూ ఉంటుంది. ఆ శిల్పాల పట్టీలో దాదాపు 75 మీటర్లు లండన్‌లో ఉంది. ఆటోమన్ కొలువులో బ్రిటిష్ రాయబారిగా ఉన్న లార్డ్ ఎల్గిన్ 1801 నుంచి ఊడదీయించి పంపినవి అవి. 1816లో 35,000 పౌండ్లకు బ్రిటిష్ ప్రభుత్వం కొని బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చింది. ఏథెన్స్ వాళ్ళు ఆ ఖాళీల్లో తెల్లటి ప్లాస్టర్ నకళ్ళు పెట్టారు. తేనెరంగు అసలు, పక్కనే పాలిపోయిన నకలు. ఏ ముక్క ఇక్కడుందో, ఏది అక్కడుందో బోర్డు చదవకుండానే తెలిసిపోతుంది.

ఆ గదిలో నాకు అమరావతి గుర్తొచ్చింది, ఎంత వద్దనుకున్నా. గుంటూరు జిల్లాలో పుట్టినదాన్ని, మరి. 1797లో సర్వే అధికారి కోలిన్ మెకంజీ చూసేనాటికే జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి కొత్త ఊరి కోసం అక్కడి బౌద్ధ స్తూపపు దిబ్బను తవ్వి రాళ్ళు మోస్తున్నారు. పలకలు కొన్ని కట్టడాల్లోకి పోయాయి, కొన్ని సున్నం కోసం కాలిపోయాయి. అక్కడా సున్నం బట్టీ, ఇక్కడా సున్నం బట్టీ. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరి, చాలాకాలం ఆరుబయట పడుండి, 1859లో లండన్‌కు ఓడెక్కాయి. ఎల్గిన్ పట్టుకెళ్ళిన శిల్పాలను ఎల్గిన్ మార్బుల్స్ అంటారు, ఆ పేరు మీదే వీటికి ఎలియట్ మార్బుల్స్ అని పేరు పెట్టారు. అవి పాలరాయే కాదు, మన పలనాటి సున్నపురాయి! ఇప్పుడు రెండూ బ్రిటిష్ మ్యూజియంలో ఒకే కప్పు కింద ఉన్నాయి. మనవి ఇంకా చాలా చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి.

తిరిగొచ్చాక ఒక ఆదివారం మావారిని వెంటబెట్టుకుని అమరావతి వెళ్ళాను. ఇదివరకు ఎన్నిసార్లు వెళ్ళినా బుద్ధుడి కథలే చూశాను. ఈసారి ప్రాకారపు స్తంభాల పక్కలు చూశాను. అడ్డ కమ్మీలు దూర్చడానికి తొలిచిన గుంటలు, కంటి ఆకారంలో, పైనుంచి కిందికి ఒకదాని కింద ఒకటి. ఇక్కడా సున్నం అక్కర్లేకుండా రాతిలో రాయి కూర్చోబెట్టారు, చెక్కపని చేసినట్టే. "ఇది ఏ స్తంభానిదో, దీని పక్కది లండన్‌లో ఉందో చెన్నైలో ఉందో చెప్పే గది ఒకటి ఇక్కడ ఉంటే" అన్నాను. అన్ని ముక్కలకూ నకళ్ళు తీసి, గుండ్రంగా, స్తూపం కొలతల్లోనే నిలబెట్టాలి. అసలువి ఎప్పుడొస్తాయో, అసలు వస్తాయో రావో అని ఏథెన్స్ వాళ్ళు చూస్తూ కూర్చోలేదు. ముందు ఖాళీని కొలిచి పెట్టుకున్నారు. "ఎస్టిమేట్ వెయ్యి, నేను దరఖాస్తు రాస్తాను" అన్నారు మావారు. ఆయన బ్యాంకులో చేశారు, దరఖాస్తులు బాగా రాస్తారు. స్తంభం పక్క ముఖాలు ఫొటోలు తీసుకొచ్చాను, ఎస్టిమేట్ మొదలైంది.

వెళ్ళేవాళ్ళకు నాలుగు మాటలు. కొండమీది రాయి లక్షల పాదాలకు అరిగి నున్నగా జారుతుంది, రబ్బరు అడుగున్న బూట్లే వేసుకోండి. ఎత్తు మడమల చెప్పులు ఎలాగూ రానివ్వరు. పైన నీడ లేదు, తినడానికేమీ దొరకదు. బెజవాడ ఎండలు చూసినవాళ్ళం మాకేమిటి అనుకోవద్దు, తెల్లరాయి ఎండను తిరగ్గొట్టి మొహం మీదకే కొడుతుంది. 2023, 2024 వేసవుల్లో వడగాలులకు మధ్యాహ్నం పూట మూసేశారు కూడా. నడవలేనివాళ్ళకు ఉత్తరం వైపు లిఫ్టు ఉంది. శాకాహారులకు దిగుల్లేదు. బియ్యం కూరిన టమాటాలు, పాలకూర పెట్టిన పొరల పొరల రొట్టె, ఫావా అని పసుపుపచ్చ పప్పు ముద్ద దొరుకుతాయి. ఆ ఫావాలో మావారు సంచిలోంచి ఆవకాయ తీసి కలుపుకున్నారు, అమ్మాయి తల తిప్పేసుకుంది. మ్యూజియం శుక్రవారం రాత్రి 10 దాకా తెరిచే ఉంటుంది కాబట్టి, వీలైతే కొండ ప్రయాణం శుక్రవారం పొద్దున్నకే పెట్టుకుని, మధ్యాహ్నం గదికెళ్ళి పడుకుని, సాయంత్రం మ్యూజియానికి వెళ్ళండి.